రెండు హట్లు, ఒక గైడు, కాళ్ళ కింద ఒక చప్పుడు

ఐదు రోజుల స్కీ టూరింగ్ (స్కీలు కట్టుకుని మంచుకొండలు ఎక్కి దిగడం) ముగించుకుని వచ్చాం, నలుగురం, మాతో ఒక గైడు. రెండు హట్లలో, అంటే కొండమీది బసల్లో, ఉన్నాం. వ్యూ కావాలంటే మొదటి హట్టే, కిటికీ తీస్తే శిఖరం ఎదురుగానే, కానీ అవలాంచ్ బులెటిన్ (మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఎంతుందో చెప్పే ప్రకటన) ఎక్కడా లేదు, అడిగితే "నిన్న కూడా వెళ్ళొచ్చారు, ఏం కాలేదు" అన్నారు. రాత్రంతా గాలి కొట్టి మంచునంతా అవతలి వాలు మీద పోగేసిందండీ, ఇక నిన్నటి మాట ఇవాళ ఎలా పనికొస్తుంది? రెండోది ఇరుకు, చలి, అయినా నా ఓటు దానికే. అక్కడి ఆవిడ పొద్దున్నే ప్రమాద స్థాయి, గాలి ఎటునుంచో, కొత్త మంచు ఎంతో బోర్డు మీద రాసేవారు, ఎవరు ఎటు పోతున్నారో, ఎప్పటికి వస్తారో కూడా.

గేర్ అద్దెకిచ్చినవాళ్ళ మీద మాత్రం కోపంగా ఉంది. మంచులో కూరుకుపోతే ఎక్కడున్నామో సిగ్నల్ పంపే పరికరాలు ట్రాన్సీవర్లు, నాలుగింటిలో ఒకదాని బ్యాటరీ దగ్గర తుప్పు, సిగ్నలే రావట్లేదు. బయల్దేరేముందు గైడు ఒక్కొక్కరినీ నడిపించి చెక్ చేశాడు కాబట్టి దొరికింది, స్పేర్ ఇచ్చాడు. మంచులో కూరుకున్నవాళ్ళని పది నిమిషాల్లోపు తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే సగానికి పైగా దక్కరు, అంటే కాపాడాల్సింది పక్కనున్న మనమే, హెలికాప్టర్ కాదు.

మూడో రోజు ప్రమాద స్థాయి 3. ఐదులో మూడే కదా అనుకున్నా, కానీ ఒక్క మనిషి బరువుకే వాలు మీది మంచు పెద్ద పలకలా తెగి జారొచ్చని దానర్థం. చదునైన చోట నడుస్తుంటే కాళ్ళ కింద "వుంఫ్" అని, బరువైన బస్తా కింద పడేసినట్టు చప్పుడు, స్కీ ముందు నుంచి సన్నటి పగులు గీతలా పాకింది, అంటే లోపలి బలహీనమైన పొర కుంగిందన్నమాట. గైడు అక్కడే ఆపేసి, మంచు పొరలు చూడ్డానికి గుంట తవ్వాడు. పైన గట్టి పలక, మోకాలి లోతులో పంచదార పలుకుల్లాంటి మంచు, గుప్పిట్లో పట్టుకుంటే ముద్ద కావట్లేదు, జారిపోతోంది. 30 సెంటీమీటర్ల దిమ్మె కోసి, పైన పార పెట్టి మణికట్టుతో పది దెబ్బలు కొడితే ఏం కాలేదు, మోచేయి నుంచి రెండో దెబ్బకే పై దిమ్మె సొరుగు లాగినట్టు జారి బయటికొచ్చేసింది, అంటే ఆ పలుకుల మీద పలక తేలిగ్గా జారిపోతుందన్నమాట.

ముందున్న వాలు 36 డిగ్రీలు. పలకలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 మధ్యే. మాలో ఒకరు ఇంత దూరం వచ్చాక వెనక్కా అని చాలా బాధపడ్డారు, గైడు విసుక్కోకుండా ఆ పలుకులు చేతిలో పోసి చూపించాడు, నాకు అదే నచ్చింది. 30 లోపు వాలుల మీదే, పైన నిటారు గోడలు లేని దారి చూసుకుని దిగాం.

వచ్చేసరికి రెండో హట్ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు, మమ్మల్ని లెక్కపెట్టుకుని బోర్డు మీద మా నాలుగు పేర్లూ, గైడు పేరూ తుడిచేశారు.