ఫాల్స్ సీలింగులో స్ట్రిప్ లైటు: 230, 12, 24 వోల్టుల్లో ఏది మేలు?

మా హాలు సీలింగులో ఒక మూల జానెడు అతుకు ఉంది. ఎంత పుట్టీ పెట్టినా, ఎన్ని పూతలు వేసినా పగటి వెలుతురులో అది దాగదు. మొదటిసారి స్ట్రిప్ లైటు, అంటే ఎల్‌ఈడీ దీపాల పట్టీ, పెట్టించినప్పుడు దాని డ్రైవరును, అంటే ఇంటి కరెంటును పట్టీకి సరిపడే తక్కువ వోల్టులకు దించే పెట్టెను, జిప్సం పలక మీద పడేసి మూసేశారు. రెండో వేసవి దాటకుండానే అది పోయింది. అరచేతిలో పట్టే పెట్టె కోసం సీలింగు కోయించవలసి వచ్చింది.

ఈ ఏడాది ఆ లైటంతా తీయించి కొత్తది వేయించాను. అప్పటినుంచి మా అపార్టుమెంటులో అందరికీ నేనే కరెంటు సలహాదారుని. దసరా దగ్గరపడేకొద్దీ లిఫ్టులో, మెట్ల మీద ఒకటే ప్రశ్న: నేరుగా కరెంటుకు తగిలించే 230 వోల్టుల స్ట్రిప్ మేలా, డ్రైవరుతో నడిచే 12 వోల్టులదా, 24 వోల్టులదా?

హైదరాబాదు కోఠి ట్రూప్ బజార్‌లో ఏ ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లినా మూడూ వెలిగించి చూపిస్తారు. గల్లా బల్ల మీద మూడూ ధగధగలాడతాయి. అక్కడ చూసి తేల్చుకోవడం కుదరదు. ధర చూస్తే డ్రైవరు ఖర్చు లేదు కనుక 230 వోల్టులదే చవక. కానీ నా దృష్టిలో తేల్చేది వెలుగూ కాదు, ధరా కాదు. రేపు పాడైన భాగానికి నిచ్చెన వేస్తే చేయి అందుతుందా లేదా అన్నదే.

ఆ లెక్కన 230 వోల్టులదే గెలవాలి కదా అనవచ్చు. పాడవడానికి అందులో డ్రైవరే లేదు. తీగ మొదట్లో ఏసీని డీసీగా మార్చే చిన్న రెక్టిఫయర్ మాత్రం ఉంటుంది. పైగా కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది కనుక హాలు చుట్టూ వేసినా చివర వెలుగు తగ్గినట్టు తెలియదు. ఇవన్నీ నిజమే. అయినా మా ఇంట్లో వద్దనుకున్నాను. ప్లాస్టిక్ తొడుగు లోపల పరుగెత్తేది ఇంటి కరెంటే. చివరి మూత ఊడిందంటే అక్కడ బయటపడ్డ రాగిని ముట్టుకోవడం, ప్లగ్గు రంధ్రంలో వేలు పెట్టడం రెండూ ఒకటే. సీలింగు అంచున స్ట్రిప్‌ను దాచే గూట్లో ఏడాదికోసారి దుమ్ము తుడిచే చేయి తిరుగుతుంది, రంగులేసేవారి తడి బ్రష్షు తిరుగుతుంది, బల్లుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ స్ట్రిప్‌ను గుర్తు ఉన్నచోటే, సాధారణంగా మీటరుకో అర మీటరుకో ఒకసారి మాత్రమే కోయగలం. మూల దగ్గర కొలత కుదరకపోతే మిగిలింది మడిచి దాచడమే. ఇక మినుకు. చవక రకాలు సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతుంటాయి. కంటికి తెలియకపోయినా ఫోను కెమెరా దగ్గరగా పెడితే తెర మీద చారలు పాకుతాయి. ట్రూప్ బజార్‌లో పనికొచ్చే పరీక్ష ఇదొక్కటే.

పండగ పది రోజులకు బాల్కనీ కటకటాలకు చుట్టి, అయిపోగానే ప్లగ్గు పీకి చుట్టేసుకోవడానికి మాత్రం అదే తీసుకోండి. వాన నీరు లోపలికి చొరబడని రకం చూసుకుంటే చాలు.

అసలు పోటీ 12కూ 24కూ మధ్యనే. మా హాలు గూడు చుట్టుకొలత 16 మీటర్లు. మీటరుకు 9.6 వాట్ల స్ట్రిప్ అంటే మొత్తం దాదాపు 154 వాట్లు. 12 వోల్టుల మీద అది దాదాపు 13 ఆంపియర్లు, 24 మీద అందులో సగం. ఈ సగంలోనే ఉంది కిటుకంతా.

ఎండాకాలంలో పై అంతస్తు స్లాబుకూ జిప్సం పలకకూ మధ్య ఉండే గాలి పొయ్యి మీద మూకుడే. డ్రైవరులో ముందుగా చచ్చేది కరెంటును నిలకడగా ఉంచే చిన్న భాగం, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. కనుక డ్రైవరును సీలింగులోంచి బయటికి తేవాలి. మాకు నడవలో అటక ఉంది. అక్కడినుంచి గూటికి తీగ దారి ఆరు మీటర్లు, పోనూ రానూ పన్నెండు. సగం స్ట్రిప్‌కు, అంటే ఎనిమిది మీటర్లకు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే, 12 వోల్టుల్లో దారిలోనే సుమారు ఒక వోల్టు హరించుకుపోతుంది, అంటే నూటికి ఎనిమిది పాళ్లు. 24లో పోయేది అర వోల్టు కూడా కాదు, నూటికి రెండు పాళ్లు. అందుకే 12 వోల్టుల వాళ్లు డ్రైవరును స్ట్రిప్ పక్కనే, అంటే సీలింగు పొట్టలోనే దాస్తారు. పైగా 12 వోల్టుల స్ట్రిప్‌ను ఒక కొసనుంచి అయిదు మీటర్లకు మించి నడిపితే చివర పసుపుబారి నీరసిస్తుంది. 24ది పది మీటర్ల వరకూ ఓర్చుకుంటుంది.

కోతలో మాత్రం 12ది ఒక మెట్టు పైన. మూడు దీపాలకొకచోట కోయవచ్చు. 24ది ఆరింటికి ఒకచోట. మూలలో రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఎవరి కంటా పడదు.

మేం 24 వోల్టులదే తీసుకుని, 16 మీటర్లను రెండు ఎనిమిదులుగా విడదీశాం. ఒక్కో దానికి 77 వాట్లు, ఒక్కో దానికి 100 వాట్ల డ్రైవరు. డ్రైవరును నిండా లాగించకూడదు, అయిదో వంతు మిగులు ఉండాలి. ఒకటి పోయినా సగం హాలు వెలుగుతుంది. రెండింటినీ అటక గోడకు గాలి తగిలేలా బిగించాం. వాటి మీద సూట్‌కేసులు పెట్టవద్దని ఇంట్లో చెప్పాను. ఎన్నాళ్లు వింటారో చూడాలి.

ఇంటి లైట్ల లైనుకు కలపడంలో మా ఎలక్ట్రీషియన్‌తో మూడు చోట్ల వాదన జరిగింది. ట్యూబులైటు స్విచ్చుకే దీన్నీ ముడి వేద్దామన్నాడు. వద్దన్నాను. ఈ వెలుగు కావలసిందే ట్యూబులైటు ఆర్పినప్పుడు. విడి స్విచ్చు పెట్టించాను, అదీ ఫేజు మీద. పాత ఇళ్లలో న్యూట్రల్ మీద స్విచ్చు ఉంటే ఆపేసినా ఎల్‌ఈడీలు మిణుగురుల్లా వెలుగుతూనే ఉంటాయి. రెండోది న్యూట్రల్. ఫేజు ఒక లైనుదీ, న్యూట్రల్ దగ్గరలో ఉంది కదా అని ఇన్వర్టరు లైనుదీ కలిపితే కరెంటు లీకైతే లైను తెంపే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంది, ఇన్వర్టరూ గోల చేస్తుంది. మూడోది ఎర్తు. ఇనుప పెట్టె డ్రైవరుకు ఎర్తు తప్పనిసరి. మా లైటు పాయింట్లకు ఎర్తు తీగ లేదు. స్విచ్‌బోర్డులో సాకెట్‌కు వచ్చిన ఆకుపచ్చ తీగ నుంచి లాగించాను. ఒక లైట్ల లైను మీద పది పాయింట్లు లేదా 800 వాట్లు మించకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. కలపడానికి ముందు ఆ లైను మీద ఇప్పటికే ఏమేమి ఉన్నాయో లెక్కపెట్టించండి. తీగ ముట్టుకునే ముందు మెయిన్ బోర్డులో (డీబీ) ఆ లైను స్విచ్చు, అంటే ఎంసీబీ, దించాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇన్వర్టరు మీద దీన్ని పెట్టకండి. 154 వాట్లంటే రెండు మామూలు సీలింగు ఫ్యాన్లు. కరెంటు పోయినప్పుడు అలంకారం కంటే గాలి ముఖ్యం. బిల్లు భయం పెద్దగా అక్కర్లేదు. రోజుకు మూడు గంటలు వెలిగిస్తే నెలకు 14 యూనిట్లు. తెలంగాణ గృహజ్యోతి పథకంలో ఉచిత కరెంటుకు ఉన్న 200 యూనిట్ల గీత దగ్గర ఊగిసలాడే ఇళ్లు మాత్రం ఆ పద్నాలుగునూ చూసుకోవాలి.

టీ5 బ్యాటన్లు, అంటే సన్నటి ట్యూబులైట్లు, గూట్లో వరసగా పెట్టేవారున్నారు. గట్టివే, కానీ అతుకు అతుకుకూ గోడ మీద నీడ పడుతుంది. ఫోనుతో రంగులు మార్చే స్ట్రిప్‌లు పిల్లలకు వారం రోజుల ముచ్చట.

మొన్న మా బావగారు ఫోను చేశారు. నన్ను అడగకుండానే 12 వోల్టుల రోల్ ఒకటి, దానికి అడాప్టరూ కొనేశారట. పారేయమంటావా అన్నారు. ఎందుకండీ బావగారూ, టీవీ వెనకాల రెండు మీటర్లు అంటించండి, అడాప్టరును కింది అరలో కనబడేలా పెట్టండి అన్నాను. హాలు సీలింగుకు మాత్రం పలకలు బిగించకముందే నన్ను పిలవమన్నాను. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. వాళ్లింట్లో అటక లేదు. డ్రైవరుకు షూ ర్యాకు పైన చోటు చూడాలి.