కమ్యూనిటీ మీడియా సెంటర్: ఆడియో బ్యాగ్ కోసమైనా సభ్యత్వం తీసుకోవచ్చు, కానీ...

కమ్యూనిటీ మీడియా సెంటర్ అంటే ఊరివాళ్లు సభ్యులుగా చేరి వీడియో, ఆడియో సామాన్లు తీసుకెళ్లి వాడుకునే చోటు. స్టూడియో, గ్రీన్ స్క్రీన్, ఎడిటింగ్ గది, కేబుల్ చానల్లో ప్రసారం: ఇవి ఏ కమ్యూనిటీ మీడియా సెంటర్ కరపత్రంలోనైనా ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. చాలాకాలంగా వాడుతున్నాక నాకు బాగా నచ్చింది సామాన్లు ఇచ్చే కౌంటర్, అందులోనూ ఆడియో బ్యాగ్. కెమెరా ఇప్పుడు అందరి జేబులోనూ ఉంది. లేనిదల్లా మాట స్పష్టంగా వినిపించే ఏర్పాటు. కాలనీ సమావేశమైనా, పిల్లల నాట్య ప్రదర్శనైనా చూసేవాళ్లు బొమ్మ కాస్త మసకగా ఉంటే సర్దుకుంటారు గానీ మాట వినపడకపోతే కట్టేస్తారు.

బ్యాగ్‌లో రెండు కాలర్ మైకుల వైర్‌లెస్ సెట్, ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే షాట్‌గన్ మైక్ ఒకటి, ఎక్స్‌ఎల్ఆర్ (మైకు కేబుల్ తగిలించే మూడు పిన్నుల) ఇన్‌పుట్లున్న చిన్న రికార్డర్, రెండు పొడవాటి కేబుళ్లు, హెడ్‌ఫోన్ ఉంటాయి. వాటిని ఊరికే చేతిలో పెట్టి పంపరు. బ్యాటరీలు వేయించి, ప్రతి మైకులోనూ మాట్లాడించి, అర నిమిషం రికార్డు చేయించి, అది మళ్లీ హెడ్‌ఫోన్‌లో విన్నాకే సంతకం తీసుకుంటారు. తిరిగిచ్చేటప్పుడూ అదే తంతు. మొదట్లో చాదస్తంలా కనిపిస్తుంది. కానీ కేబుల్ ప్లగ్ లోపల తీగ విరిగితే పైకి ఏమీ తెలియదు, కదిలినప్పుడు మాత్రమే చిటపటమంటుంది. అందుకే ఇక్కడ ప్లగ్ పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ వినమంటారు. చెడింది దొరికితే అక్కడికక్కడే ఎర్ర టేపు చుట్టి పక్కన పడేస్తారు. వేలకు వేలు పోసి అద్దెకు తెచ్చుకున్న సామాన్లకు కూడా ఇంత పరీక్ష ఉండదు.

అయితే ఈ పరీక్షకు చిక్కని లోపం ఒకటుంది. ఒక సమావేశం మొత్తం దానికి బలైపోయింది. హాల్లో సౌండ్ మిక్సర్ ఉంటే మనం మైకులు పెట్టక్కర్లేదు, మిక్సర్ ఔట్‌పుట్ నుంచి నేరుగా రికార్డర్‌కు కేబుల్ లాగితే సరిపోతుంది. ఆ రోజు ఏర్పాటు అదే. రికార్డర్ మీటర్ (శబ్దం ఎంత పెద్దగా వస్తోందో చూపేది, సున్నాకు చేరితే శబ్దం పగులుతుంది) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర బుద్ధిగా ఆడుతోంది. ఇంటికొచ్చి వింటే మాటమాటకీ గరగర. ఫైలు ఎడిటర్లో తెరిస్తే అలలన్నీ పావు ఎత్తులోనే ఉన్నాయి, కానీ ప్రతి అల తలా కత్తితో కోసినట్టు చదునుగా ఉంది.

కారణం ఇది. ముందు తీసుకెళ్లినవాళ్లు రికార్డర్ అడుగునున్న చిన్న స్విచ్‌ను ‘మైక్’ మీద వదిలేశారు. మిక్సర్ పంపే లైన్ సిగ్నల్ మైకు సిగ్నల్ కంటే వోల్టేజీలో వంద రెట్లకు పైనే ఉంటుంది. అది మైకు సన్నని సిగ్నల్‌ను పెంచేందుకు పెట్టిన ప్రీయాంప్‌లోకి వెళ్లగానే అక్కడే చితికిపోతుంది. లెవెల్ నాబ్ దాని తర్వాత వస్తుంది. నాబ్ తగ్గిస్తే చితికిన శబ్దమే కాస్త చిన్నగా వస్తుంది, మీటర్ మాత్రం అంతా బాగుందంటుంది. కౌంటర్ దగ్గర పరీక్ష చేసేది మైకుతో, మైకుకు ఆ స్విచ్ ఉన్న స్థానం సరైనదే. ఇంక లోపం ఎలా బయటపడుతుంది?

నేను ఇంతగా మెచ్చుకునేది దీని తర్వాత జరిగినదాన్ని. ఫైలు వినిపిస్తే టెక్నీషియన్ వాదనకు దిగలేదు. స్టూడియో మిక్సర్‌కు అదే రికార్డర్ తగిలించి, అదే గరగర తెప్పించి చూపించాడు. ఆ తర్వాత ప్రతి బ్యాగ్‌లోనూ మూడు చేరాయి: సిగ్నల్‌ను 40 డెసిబెల్స్ తగ్గించే వేలెడంత ప్యాడ్, హమ్‌ను (గూయ్‌మనే రొదను) ఆపే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, లామినేట్ చేసిన కార్డు. కార్డు మీద నాలుగే మాటలు. మిక్సర్ నుంచి తీసుకుంటే స్విచ్ ‘లైన్’ మీద పెట్టు. లైన్ లేని రికార్డరైతే ప్యాడ్ తగిలించు. కొన్ని మైకులకు కేబుల్ గుండా పంపే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఆపేయ్. హమ్ వస్తే ముందు రికార్డర్‌ను బ్యాటరీ మీదికి మార్చు, అప్పటికీ పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు. మీటర్ చూసి మురిసిపోకుండా హెడ్‌ఫోన్ పెట్టుకోమని నేనైతే ఐదోది చేరుస్తాను.

ఇదంతా చదివి అన్నీ సవ్యంగా ఉన్నాయనుకోకండి. ఆ ప్యాడ్ చిన్న వస్తువు కదా, ఈ మధ్య రెండు బ్యాగుల్లో ఒకదాంట్లోనే కనిపిస్తోంది. కొత్త బ్యాటరీలకు బదులు రీఛార్జబుల్ ఇస్తున్నారు. మంచిదే, కానీ అవి 1.5 వోల్టులవి కావు, 1.2 వోల్టులవి. వైర్‌లెస్ మైకు ట్రాన్స్‌మిటర్ సెట్టింగ్‌లో బ్యాటరీ రకం మార్చకపోతే ఛార్జ్ గుర్తు మొదటి నుంచీ తప్పే చూపిస్తుంది. రెండు గంటలు దాటే కార్యక్రమమైతే విరామంలో మార్చేయడమే మేలు. ప్రసారానికి ఇచ్చే ఫైలు లౌడ్‌నెస్ (మొత్తం మీద శబ్దం ఎంత పెద్దగా ఉందో చెప్పే కొలత) మైనస్ 24 ఉండాలి. యూట్యూబ్ కోసం మైనస్ 14 దగ్గర చేసింది అలాగే ఇస్తే వెనక్కొస్తుంది.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది వేళలు. శనివారం కౌంటర్ ఎత్తేశారు. అమెరికాలో ఇలాంటి సెంటర్లలో చాలావాటికి డబ్బు వచ్చేది కేబుల్ కంపెనీలు స్థానిక ప్రభుత్వానికి కట్టే ఫ్రాంచైజ్ ఫీజు నుంచి. 1984 చట్టం ప్రకారం అది కేబుల్ ఆదాయంలో 5 శాతం మించకూడదు. జనం కేబుల్ కనెక్షన్ తీయించుకుని స్ట్రీమింగ్‌కు మళ్లేకొద్దీ ఆ 5 శాతమే కరిగిపోతోంది. కౌంటర్‌లో మనుషులు తగ్గడం వాళ్ల తప్పు కాదని తెలుసు, అయినా శనివారం రాత్రి కార్యక్రమానికి శుక్రవారం మధ్యాహ్నమే సెలవు పెట్టి వెళ్లాలంటే విసుగే.

నాకు వారం మధ్యలో తీరిక దొరుకుతుంది, రికార్డు చేసేవి ఎక్కువగా సమావేశాలు, కాబట్టి సభ్యత్వం పొడిగిస్తున్నాను. ఒక్కరే కూర్చుని ఫోన్‌తో మాట్లాడే వీడియోలు చేసేవాళ్లకు ఓ మోస్తరు కాలర్ మైకు కొనుక్కోవడమే నయం. శనాదివారాల్లోనే పని ఉన్నవాళ్లు చేరేముందు ఒక్క సంగతి కనుక్కోండి: శుక్రవారం తీసుకున్న బ్యాగ్ సోమవారం తిరిగిస్తే ఆలస్యం కింద రాసుకుంటారా, లేదా?