హామెల్న్ 'ఎలుకలవాడి' టూర్: ఎలుకల్ని కాస్త తగ్గిస్తే ఇంకా బాగుండేది

జర్మనీలోని హనోవర్‌లో కాపురం పెట్టి నాలుగేళ్లయింది. ఎస్-5 లోకల్ రైలెక్కితే ముప్పావు గంటలో హామెల్న్. అయినా మొన్న జూన్ దాకా ఆ ఊరి మొహం చూడలేదు. చివరికి మా పాప పోరు పెట్టింది. మూడో క్లాసు చదువుతోంది, స్కూల్లో టీచర్ 'రాటెన్‌ఫెంగర్' కథ చెప్పిందట. రాటెన్‌ఫెంగర్ అంటే ఎలుకలు పట్టేవాడు. మనం ఇంగ్లీషు వాచకంలో చదువుకున్న పైడ్ పైపరే: పైపు ఊది ఊరి ఎలుకల్ని నదిలో ముంచుతాడు, మేయరు కూలి ఎగ్గొడితే ఊరి పిల్లల్ని తీసుకుపోతాడు.

ఆదివారానికి గంటన్నర నడక టూర్ ఒకటి ఆన్‌లైన్లో బుక్ చేశాను. నడిపేవాళ్ల పేరు రాయను. మొదటి అరగంట చిరాకు పెట్టారు, తర్వాతి గంటలో డబ్బులు వసూలైపోయాయి. ఇంగ్లీషు టూర్ అని బుక్ చేస్తే, తీరా అక్కడికెళ్లాక "ఈరోజు జర్మనే" అన్నారు. ముందు రోజు ఒక మెయిల్ పెడితే వీళ్ల సొమ్మేం పోయింది? నాది బి1 జర్మన్, అంటే మధ్యస్థాయి. మాట అర్థమవుతుంది గానీ, జోకుకి నేను నవ్వేసరికి మిగతావాళ్లు వీధి మలుపు తిరిగిపోయి ఉంటారు. మా ఆవిడ మర్యాదగా కాఫీ షాపులో కూర్చుంటానంది.

గైడు అరవై దాటిన పెద్దాయన. సగం ఎరుపు, సగం పసుపు బట్టలు, టోపీకి ఈక, చేతిలో క్లారినెట్. మొదలుపెట్టడమే ఎలుకలతో. పిల్లలందర్నీ కిచకిచమనమన్నాడు, వేజర్ నది ఎటుందో చూపించి అందులో "దూకండి" అన్నాడు. పిల్లలకి పండగే. నాకు మాత్రం ఊరంతా ఎలుకలే కనిపించాయి. నేల మీద దారి చూపే గుర్తులు ఎలుకలు, దుకాణాల్లో ఎలుక కీచైన్లు, బేకరీ అద్దాల వెనక ఎలుకలు. ఇదంతా చూడ్డానికా వచ్చింది అనుకున్నాను.

అసలు విషయం ఓస్టర్‌స్ట్రాసె చివర మొదలైంది. అక్కడ 'రాటెన్‌ఫెంగర్‌హౌస్' అనే రాతి భవనం ఉంది, 1602-03లో కట్టింది. ఎలుకలవాడికీ ఆ ఇంటికీ ఏ సంబంధమూ లేదు. పక్కగోడ మీద ఉన్న రాత వల్లే ఆ పేరొచ్చింది. గైడు క్లారినెట్ చంకలో పెట్టుకుని, పాత జర్మన్ రాతని ఒక్కో మాటా విడమరిచి చదివాడు. నాకు అర్థమైనంతలో ఇదీ: 1284వ సంవత్సరం, యోహాను, పౌలుల పండగ రోజు, జూన్ 26న, రంగురంగుల బట్టలేసుకున్న పైపు ఊదేవాడొకడు హామెల్న్‌లో పుట్టిన 130 మంది పిల్లల్ని తీసుకుపోయాడు, కొప్పెన్ అనే చోట వాళ్లు కనిపించకుండా పోయారు.

అంతే. "ఇందులో ఎలుక ఎక్కడుందో చెప్పండి చూద్దాం" అని అందరి మొహాలూ చూశాడు. లేదు. తేదీ ఉంది, లెక్క ఉంది, బట్టల రంగు ఉంది. ఎలుక లేదు, ఎగ్గొట్టిన కూలి లేదు, మోసం చేసిన మేయరూ లేడు.

ఇల్లు కట్టింది ఆ సంఘటన జరిగిన మూడొందల ఏళ్లకి కదా, దాన్నెలా నమ్మడం అని నాకూ అనిపించింది. దానికీ జవాబుంది. 1556లో ఊరికి కొత్త ద్వారం కట్టినప్పుడు, 130 మంది పిల్లల్ని మాంత్రికుడు తీసుకుపోయిన 272 ఏళ్లకి ఇది కట్టాం అని లాటిన్‌లో రాతి మీద చెక్కించారు. లెక్క వేసుకోండి, 1284 సరిగ్గా వస్తుంది. అంతకన్నా ముందు, 1440-50 ప్రాంతంలో రాసిన లూనెబుర్గ్ తాళపత్రం లాంటిదొకటి ఉంది (తాళపత్రం కాదులెండి, లాటిన్ రాతప్రతి). అందులోనూ అదే తేదీ, అదే 130. పైపువాడు ముప్పై ఏళ్ల అందగాడట, మంచి బట్టలట, వెండి పిల్లనగ్రోవట. ఎలుక ఊసే లేదు. ఎలుకలు కథలోకి చేరింది 1560ల ప్రాంతంలో, జిమ్మెర్న్ అనే ఒక ప్రభువంశం చరిత్ర రాసినప్పుడు. అంటే దాదాపు 280 ఏళ్లు ఈ ఊరు ఎలుకల్లేకుండానే తన పిల్లల కోసం ఏడ్చింది. ఇక మనం చదివిన ఇంగ్లీషు కవి బ్రౌనింగ్ పద్యం 1842 నాటిది. అందులో తేదీ కూడా వేరే, 1376 జూలై 22.

ఆ ఇంటి పక్కనే ఒక సన్నటి సందు. బుంగెలోజన్‌స్ట్రాసె. బుంగె అంటే డప్పు, అంటే డప్పు లేని వీధి. పిల్లలు ఆఖరిసారి ఈ సందులోంచే వెళ్లారని నమ్మకం. అందుకని ఇక్కడ వాయిద్యం మోగకూడదు. పెళ్లి ఊరేగింపైనా సరే, బ్యాండు ఆపేసి దాటాల్సిందే. అప్పటిదాకా ఊదుతూ వచ్చిన ముసలాయన ఒక్క ముక్క చెప్పకుండా క్లారినెట్ దించేశాడు. ఇరవై మందిమి చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేకుండా నడుస్తున్నాం. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. రింగ్‌టోన్ తీన్మార్. జేబులోంచి తీసి కట్ చేసేలోపు నాలుగు దరువులు పడిపోయాయి. గైడు ఏమీ అనలేదు గానీ, ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఫోన్ చేసింది మా ఆవిడే, కాఫీ అయిపోయిందట.

సందు దాటాక పాప అడిగింది, "నాన్నా, మరి వాళ్లమ్మలు వెతకలేదా?" నేను "ఆయన్నే అడగరాదూ బిడ్డా" అనేలోపే గైడుని జర్మన్‌లో అడిగేసింది. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెతికారమ్మా, ఆ పాత రాతప్రతిలోనే ఉంది, తల్లులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పరిగెత్తారు, ఏమీ దొరకలేదు అని చెప్పాడు. టూర్ మొత్తంలో ఆయన గొంతు నాటకం లేకుండా పలికింది అక్కడే.

మరి ఏమైనట్టు? ప్లేగు అంటారు కొందరు, కానీ ఆ మహమ్మారి యూరప్‌కి వచ్చింది 1347లో. పిల్లల క్రూసేడు (జెరూసలేం కోసం పిల్లలు బయల్దేరిన మతయాత్ర) అంటే అది 1212 నాటిది. ఈ రెండూ గైడు రెండు నిమిషాల్లో తేల్చేశాడు, మంచి పని చేశాడు. ఎక్కువసేపు చెప్పింది తూర్పు వలస గురించి. 1227లో బోర్న్‌హోవెడ్ యుద్ధంలో డేన్లు (డెన్మార్క్ వాళ్లు) ఓడాక, బాల్టిక్ వైపు భూములు జర్మన్ ప్రభువులకి తెరుచుకున్నాయి. అడవులు కొట్టి ఊళ్లు కట్టడానికి జనం కావాలి. ఆ జనాన్ని పోగుచేసేవాణ్ణి 'లోకేటర్' అనేవారు. భూమి ఇస్తాం, కొన్నేళ్లు శిస్తు ఉండదు అని ఆశపెట్టి గుంపుని తీసుకుపోయేవాడు. యుర్గెన్ ఉడోల్ఫ్ అనే భాషా పరిశోధకుడు ఇంటిపేర్లూ ఊరిపేర్లూ పట్టుకుని వెతికాడు. హామెల్న్‌కి దక్షిణాన బెవెరుంగెన్ ఉంటే, బెర్లిన్‌కి వాయవ్యంగా బెవెరింగెన్ ఉంది, ఇంకా అవతల ఇప్పటి పోలండ్‌లో అలాంటి పేరుతోనే మరోటి ఉండేది. పోయినవాళ్లు ఊరి పేరు మూటగట్టుకుపోయారన్నమాట.

ఇక పిల్లలు అన్న మాట. జర్మన్‌లో 'కిండర్'. గైడు దీనికి పది నిమిషాలు వివరణ ఇచ్చాడు, ఊరి పిల్లలంటే ఆ ఊళ్లో పుట్టినవాళ్లు, ఏ వయసైనా కావచ్చు అని. నాకు అవసరం లేకపోయింది. "మా పిల్లలంతా హైదరాబాద్‌లో ఉన్నారు" అని చెప్పే మా ఊరి ముసలాళ్ల పిల్లలకి నలభై ఏళ్లు. లోకేటర్ కూడా కొత్తవాడేం కాదు. మాది మక్తల్ దగ్గర పల్లె. పాలమూరు కూలీలను చేతిలో అడ్వాన్సు పెట్టి తీసుకుపోయే గుంపుమేస్త్రీ నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? మా తాత అలాగే నాగార్జునసాగర్ పనికి పోయాడు.

ఒక్కటే మింగుడుపడలేదు. పని కోసం పోయారనుకుంటే, తల్లులు ఊరూరా పరిగెత్తడమెందుకు? చెప్పే పోయుండాలి కదా. ఆ రాత్రి మా నాయనమ్మకి ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ కథ చెప్పాను. ఆమె నవ్వింది. "చెప్తే పోనిస్తరా బిడ్డా? మీ తాత చెప్పిండా? పొద్దుగాల లేస్తే మనిషి లేడు. మూడు ఊళ్లు తిరిగిన నేను" అంది. ఎన్ని నెలలకి జాడ తెలిసిందని అడిగాను. "పంటలు ఇంటికొచ్చినంక" అంది.

వెళ్లాలనుకునేవాళ్లకి: జర్మన్ అస్సలు రాకపోతే, ఇంగ్లీషు టూర్ ఉందో లేదో బుక్ చేసేముందు మెయిల్ పెట్టి అడగండి. చిన్నపిల్లలుంటే వేసవిలో ఆదివారమే మంచిది. మధ్యాహ్నం 12 గంటలకి హోఖ్‌ట్‌సైట్స్‌హౌస్ (పాత పెళ్లిళ్ల భవనం) ముందు ఊరివాళ్లే ఉచితంగా నాటకం వేస్తారు, ఎలుకల వేషాల్లో పిల్లలు ముద్దొస్తారు. టూర్ మొదట్లోని ఎలుకల భాగం అది చూస్తే సరిపోతుంది, రెండోసారి అక్కర్లేదు. అదే భవనం గోడలో 1:05కి, 3:35కి, 5:35కి బొమ్మలు తిరుగుతూ కథ చూపిస్తాయి. టూర్‌కి నేనైతే ఐదులో నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ భాష మార్చి చెప్పనందుకు కోసేశాను, ఎలుకల్ని క్షమించాను.

బేకరీలో అమ్మే రొట్టె ఎలుక మాత్రం తినడానికి కాదు, అలంకరణకి. అది మాకెవరూ చెప్పలేదు. పాప తోక కొరికి, పాలపన్ను కాస్తా చేతిలో పట్టుకుని రైలెక్కింది.