రివర్స్ ఆఫ్ అమెరికా, టామ్ సాయర్ ద్వీపం: ఏళ్ల తరబడి తిరిగిన చోటు గురించి

ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్తున్నామని తెలిసినవాళ్లు ఎవరు చెప్పినా నేను ముందు అడిగే మాట ఒకటే: "టామ్ సాయర్ ద్వీపానికి టైమ్ ఉంచుకున్నారా?" చాలామంది ఉంచుకునేవాళ్లు కాదు. ఇక అడగాల్సిన పనీ లేదు. 2025 జూలై 6 ఆదివారం దానికి ఆఖరి రోజు. రివర్స్ ఆఫ్ అమెరికా అని పిలిచే ఆ నది, అందులో తిరిగే లిబర్టీ బెల్ స్టీమ్ బోటు, నది మధ్యనున్న ద్వీపం, మూడూ శాశ్వతంగా మూతపడ్డాయి. నీళ్లు తోడేసి ఆ స్థలంలో కార్స్ సినిమా ఆధారంగా కొత్త ప్రాంతం కడుతున్నారు. మూసేసిన చోటుకి సమీక్ష ఎందుకు అనొచ్చు. ఆ పార్కులో మరే రైడూ చేయని పని ఒకటి ఈ చోటు చేసేది. అదేమిటో, అక్కడ బాగా తిరిగినవాళ్లలో ఎవరో ఒకరు రాసిపెట్టాలనిపించింది.

మేం ఉండేది టాంపాలో. ఏడాది పాస్ తీసుకున్న కాలమంతా, పిల్లలు స్ట్రోలర్‌లో ఉన్నప్పటి నుంచి మాకంటే ముందు నడిచే వయసొచ్చేదాకా, ఈ నది ఒడ్డుకి వెళ్తూనే ఉన్నాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో బంధువులు దిగినప్పుడు కూడా. అందుకని ఎండలో, వానలో, పండగ రద్దీలో, స్కూళ్లున్న రోజుల్లో ఖాళీగా, అన్ని రకాలుగానూ చూశాను.

ముందు బోటు సంగతి. మ్యాజిక్ కింగ్‌డమ్ 1971 అక్టోబర్ 1న తెరిస్తే, ఆ మర్నాడే ఈ నదిలో అడ్మిరల్ జో ఫౌలర్ అనే బోటు తిరగడం మొదలుపెట్టింది. 1973లో రిచర్డ్ ఎఫ్. అర్వైన్ అనే రెండో బోటు దానికి తోడైంది. మొదటిది 1980లో సెలవు తీసుకుంది. రెండోదానికే 1996లో లిబర్టీ బెల్ అని పేరు మార్చారు. మేమెక్కింది దీన్నే. మూడంతస్తులు, వెనక పెద్ద ఎర్రటి తెడ్ల చక్రం. నది చుట్టూ అరమైలు దారి, పావుగంట పైచిలుకు ప్రయాణం.

దీంట్లో నాకు నచ్చింది, ఏదీ ఉత్తుత్తిది కాకపోవడం. ఇంజను నిజమైన ఆవిరి ఇంజను. బాయిలర్‌లో నీళ్లు కాగి ఆవిరవుతాయి, ఆ ఆవిరి బలంతో పొడవాటి కడ్డీలు ముందుకీ వెనక్కీ కదులుతాయి, అవి చక్రాన్ని తిప్పుతాయి. కింది అంతస్తులో వెనక్కి వెళ్తే ఇదంతా కళ్లముందే జరిగేది. దారి చూపేది మాత్రం నీటి అడుగున వేసిన పట్టా, కాబట్టి పైన చుక్కాని తిప్పే పని లేదు.

మా నాన్న గోదావరి జిల్లాల్లో ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. పార్కులో మిగతా వాటి మీద ఆయనకు పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. మొదటిసారి బోటెక్కినప్పుడు పొగగొట్టం వైపు చూసి, "ఏమ్మా, బాయిలర్ నిజంగానే ఉందా? మోటారు పెట్టి పొగ వదుల్తున్నారా?" అని అడిగారు. బోటు మీద పనిచేసే కుర్రాణ్ణి పిలిచి చూపించమన్నాను. అతను ఓపిగ్గా చెప్పాడు, నాన్న ఆవిరి ఒత్తిడి గురించి అడుగుతూ పోయారు, మధ్యలో నేను దుబాసీని. పైనుంచి అమ్మ, "ఏవండీ, ఒడ్డున లేళ్లున్నాయి, ఒకసారి పైకి రండి" అని పిలిచినా కదల్లేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆయన చోటు కింది అంతస్తే. ఆ పార్కులో మా నాన్నకి నచ్చిన చోటు ఒకటుందని నాకు ఎంత తృప్తిగా ఉండేదో చెప్పలేను. డెబ్బై దాటిన మనిషికి, ఇంగ్లిష్ వ్యాఖ్యానం సగమే అర్థమయ్యే మనిషికి, భయపెట్టకుండా, తిప్పి పారేయకుండా ఆనందం ఇచ్చేవి అలాంటి పార్కుల్లో ఎన్నని ఉంటాయి?

ఇక ద్వీపం. నా మనసంతా అక్కడే.

1973 మే 20న తెరిచారు దీన్ని. వెళ్లాలంటే బల్లకట్టు ఎక్కాలి. రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు. దిగాక ఎవరూ ఎటు వెళ్లమనీ చెప్పరు. దారులు రెండుగా, మూడుగా చీలిపోతాయి. ఒకటి నీటి చక్రం తిరిగే హార్పర్స్ మిల్లుకి పోతుంది. ఇంకోటి కొండలోపలి గుహలోకి. మరోటి ఓల్డ్ స్క్రాచ్ గనిలోకి. అక్కడ నేల, గోడలు వంకరగా కట్టి, నీళ్లు ఎగువకి పారుతున్నట్టు కనిపించేలా చేశారు. పీపాల మీద తేలే వంతెన ఒకటుండేది, పిల్లలు కావాలనే దాని మీద గెంతేవాళ్లు. అవతల ఫోర్ట్ లాంగ్‌హార్న్ అనే కర్రకోట. టామ్ సాయర్ కథ రాసిన మార్క్ ట్వేన్ అసలు పేరు శామ్యూల్ లాంగ్‌హార్న్ క్లెమెన్స్ కదా, కోటకి ఆ పేరులోది పెట్టారు. బురుజులెక్కితే బిగించి పెట్టిన బొమ్మ తుపాకులు. కోటలోంచి బయటపడటానికి ఒక దొంగ దారి, ఇరుకైన సొరంగం, తేలితే నది ఒడ్డు.

మిల్లులోపల పళ్ల చక్రాల మధ్య ఒక పిట్ట గూడు బొమ్మ ఉండేది. ఆగి చూసేవాళ్లకే కనబడేది. దాని గురించి చెప్పే బోర్డేదీ ఉండేది కాదు.

థీమ్ పార్కులో పిల్లలు ఎక్కువసేపు చేసేది కూర్చోవడం. లైన్లో నిలబడతారు, బండి ఎక్కుతారు, మీద కడ్డీ పడుతుంది, అది తిప్పినట్టు తిరుగుతారు, దిగుతారు. ఎంత అద్భుతమైన రైడ్ అయినా అంతే. ఈ ద్వీపంలో మాత్రం పిల్లలు ముందు, పెద్దలు వెనక. ఎటు వెళ్లాలో వాళ్లదే నిర్ణయం. నాలుగు వైపులా నీళ్లు, రావడానికీ పోవడానికీ బల్లకట్టు ఒక్కటే దారి. తప్పిపోతారన్న భయం లేదు, అందుకే వాళ్లని వదలగలిగేవాళ్లం. మా చిన్నదానికి చీకటంటే భయం. గుహ దగ్గరికి వచ్చినప్పుడల్లా వాళ్లక్క చొక్కా పట్టుకునేది. ఒక ఏడాది, ఎవరూ చెప్పకుండానే, "నేను ముందు వెళ్తా" అని లోపలికి వెళ్లిపోయింది. అవతలి వైపు బయటికొచ్చాక దాని మొహంలో ఉన్న గర్వం ఏ రోలర్ కోస్టర్ దిగినప్పుడూ నేను చూడలేదు. అది తనంతట తాను సాధించుకున్నది.

టామ్ సాయర్ మనకు పరాయివాడు కూడా కాదు. నండూరి రామమోహనరావు గారి తెలుగులో ఆ కథ చదివి పెరిగినవాళ్లలో నేనూ ఒకదాన్ని. కంచెకి సున్నం కొట్టే పనిని బొమ్మలాటలా చూపించి ఊళ్లో పిల్లల చేత చేయించుకున్న టామ్, గుహలో కొవ్వొత్తి అయిపోతుంటే భయపడ్డ బెకీ, వీళ్లందరూ నాకు తెలుగే మాట్లాడారు. మిసిసిపీ ఎలా ఉంటుందో చిన్నప్పుడు నాకేం తెలుసు, నేను ఊహించుకున్నది గోదావరినే, లంకల్నే. ఆ కథ పేరున్న ద్వీపంలో మా పిల్లలు పరిగెడుతుంటే, గుహ ముందు నిలబడి వాళ్లకి బెకీ సంగతి తెలుగులోనే చెప్పేదాన్ని.

కూర్చునేవాళ్లకీ చోటుండేది. ఆంట్ పాలీస్ అనే చిన్న హోటల్ వసారా నీళ్ల మీదికి ఉండేది. మేం వెళ్లే రోజుల్లో అందులో వంట ఎప్పుడో ఆగిపోయింది, కానీ బల్లలు, కుర్చీలు అలాగే ఉన్నాయి. బయటి తిండి పార్కులోకి తెచ్చుకోవచ్చు కాబట్టి అమ్మ చేసిన పులిహోర, పెరుగన్నం అక్కడే విప్పేవాళ్లం. ఎదురుగా హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల ఇల్లు కనిపిస్తూ ఉండేది. బోటు దాటినప్పుడల్లా పిల్లలు లేచి చేతులూపేవాళ్లు, పై అంతస్తు నుంచి ఎవరో ఒకరు తిరిగి ఊపేవాళ్లు. ఏ రైడ్‌కి ఎంత లైనుందో ఫోన్‌లో చూసుకుంటూ టెన్షన్ పడే రోజులో, ఫోన్ సంచిలో పడేసే గంట అది. బోటుకీ ద్వీపానికీ లైట్నింగ్ లేన్, అంటే డబ్బు కట్టి లైను దాటే ఏర్పాటు, ఉండేది కాదు, పిల్లలకి ఎత్తు కొలతలూ ఉండేవి కాదు.

లోపాలు లేవని అనను. సాయంత్రమయ్యేసరికి ద్వీపం మూసేసేవాళ్లు. ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం అక్కడ తిరగడం కష్టం, మెరుపులు మొదలైతే బల్లకట్టు ఆగిపోయేది. మెట్లు, ఇరుకు దారులు, ఊగే వంతెనలు, అన్నీ నడవగలిగినవాళ్లకే. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు ద్వీపం అందకపోవడం పెద్ద లోటు, దాన్ని ఎన్నో ఏళ్ల క్రితమే సరిచేయాల్సింది. బోటు మీద నుంచి కనిపించే బొమ్మలు పాతబడిపోయాయి. అమెరికా మూలవాసుల గ్రామాన్ని చూపించిన తీరైతే నాకు మొదటినుంచీ నచ్చలేదు. వాళ్ల నేల మీదికి వచ్చినవాళ్ల కళ్లతో వాళ్లని చూపించడం అది. మా పెద్దది కాస్త ఎదిగాక, "వాళ్ల కథ వాళ్లెందుకు చెప్పట్లేదు?" అని అడిగింది. ఆ ఒక్క భాగం పోయినందుకు నాకు బాధ లేదు. అయితే వీటిలో దేనికీ నది పూడ్చడం మందు కాదు. బొమ్మలు మార్చొచ్చు, దారులు వెడల్పు చేయొచ్చు, ఆంట్ పాలీస్‌లో మళ్లీ పొయ్యి వెలిగించొచ్చు.

2024 ఆగస్టులో కొత్త ప్రాంతం గురించి ప్రకటించారు. పిస్టన్ పీక్ నేషనల్ పార్క్ అని పేరు. అమెరికా పశ్చిమాన కొండలు, అడవులు, వేడినీటి బుగ్గలు ఉండే చోటులా కట్టి, కొండదారిలో కార్ల పందెం ఒకటి, చిన్నపిల్లలకి నెమ్మదైన రైడ్ ఒకటి పెడతామన్నారు. పక్కనే ఉన్న లిబర్టీ స్క్వేర్ అనే ప్రాంతానికి అడ్డంగా చెట్ల వరుస వేస్తారట. బాగానే కడతారు, అందులో నాకు సందేహం లేదు. పిల్లలు ఎగబడతారు కూడా. కానీ ఆ నదికి పార్కులో ఒక అర్థం ఉండేది. లిబర్టీ స్క్వేర్ అంటే స్వాతంత్ర్య పోరాటం నాటి తూర్పు తీరం, హాంటెడ్ మాన్షన్ హడ్సన్ నది ఒడ్డు ఇల్లు, అక్కడి నుంచి ఒడ్డు వెంబడి నడుస్తూ పోతే ఫ్రాంటియర్‌లాండ్, చివర బిగ్ థండర్ అనే రోలర్ కోస్టర్ ఎర్ర కొండలు. ఒక దేశం తూర్పు నుంచి పడమరకి సాగిన దారి అంతా ఆ నీటి అంచునే పరిచారు. ఆ మధ్యలో కార్లు పరిగెడితే రెండు వైపులా మిగిలేవి దేనికదే విడి ముక్కలు. పైగా ఆ మూలంతా నిశ్శబ్దం. పార్కు మొత్తంలో పాట వినిపించకుండా నీళ్ల చప్పుడు వినిపించే చోటు అది. చెట్లు వేస్తే కార్లు కనబడకుండా పోతాయేమో, పోయిన నీళ్లు మాత్రం తిరిగిరావు.

లైను లేని చోటుని జనం లేని చోటుగా లెక్కేశారని నా అనుమానం. ద్వీపంలో జనం ఉండేవాళ్లు, చెట్ల కింద, గుహల్లో, కోటలో చెదిరిపోయి ఉండేవాళ్లు, అందుకే రద్దీ తెలిసేది కాదు. అది దాని గొప్పతనం.

చివరి వారాల్లో మళ్లీ వెళ్లాం. బోటుకి మునుపెన్నడూ లేనంత లైను. ముసలివాళ్లు, మనవల్ని తీసుకొచ్చినవాళ్లు, పెళ్లికి ముందు ఇక్కడికే వచ్చేవాళ్లమని చెప్పుకుంటున్నవాళ్లు. నాన్నకి వీడియో కాల్ చేసి కింది అంతస్తులో ఇంజను చూపించాను. ఇండియాలో రాత్రి బాగా పొద్దుపోయినా మేలుకునే ఉన్నారు. "మనుషులు బాగా చూసుకున్నారు దీన్ని, ఎక్కడా తుప్పు లేదు" అన్నారు. పిల్లలిద్దరూ ద్వీపం అంతా తిరిగారు. పెద్దదాని తల గుహ కప్పుకి తగులుతోంది ఇప్పుడు. చిన్నది ఏడ్చింది. నేను ఆపమనలేదు.

మార్కులు వేయాలంటే బోటుకి ఐదుకి నాలుగు, ద్వీపానికి ఐదుకి ఐదు.

ఫ్లోరిడాకే వెళ్లేవాళ్లకి రెండు మాటలు. పార్కింగ్ వైపు నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్లేటప్పుడు మోనోరైలు కాకుండా ఫెర్రీ ఎక్కండి. పాత బోట్ల పేర్లు, అడ్మిరల్ జో ఫౌలర్, రిచర్డ్ ఎఫ్. అర్వైన్, ఆ ఫెర్రీల మీద ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లు మీతో ఉంటే అదే రిసార్ట్‌లోని మరో పార్కు యానిమల్ కింగ్‌డమ్‌లో పులులుండే మహారాజా జంగిల్ ట్రెక్ మెల్లగా నడవడానికి బాగుంటుంది, అయితే అది చూస్తూ పోయే దారి, పిల్లలు తామై తిరిగే చోటు కాదు. అచ్చం ఆ ద్వీపం లాంటిదే కావాలంటే కాలిఫోర్నియా డిస్నీలాండ్‌కి వెళ్లాలి. అక్కడ 1955 నాటి మార్క్ ట్వేన్ బోటు, 1956లో తెరిచిన మొదటి టామ్ సాయర్ ద్వీపం ఉన్నాయి. 2007 నుంచి ద్వీపంలో సముద్రపు దొంగల హంగు కలిపారు, కానీ బల్లకట్టు, గుహలు అలాగే ఉంచారు. టోక్యోలోనూ ద్వీపం ఉంది. కాలిఫోర్నియాలోనూ ద్వీపాన్ని చీకటి పడకముందే మూసేస్తారు, అందుకని పొద్దున్నే అటు వెళ్లండి, పెద్ద రైడ్లు తర్వాత చూసుకోవచ్చు.