పోల్ ప్రూనర్ నాలుగేళ్లు వాడాక: ఎంత ఎత్తు అందుతుంది, ఎంత మందం తెగుతుంది, ముందు ఏది పాడవుతుంది

మామిడి, వేప, మునగ, టేకు చెట్ల మీద నాలుగేళ్లుగా వాడుతున్న పోల్ ప్రూనర్ గురించి ఈ సమీక్ష. గడ ఫైబర్‌గ్లాస్‌ది. మూస్తే 7 అడుగులు, పూర్తిగా సాగదీస్తే 16 అడుగులు. పైన తాడుతో లాగే కత్తెర (కొమ్మకు తగిలించే కొక్కెం, దాని మీదికి వచ్చి కోసే బ్లేడు), దాని పక్కన బోల్టుతో బిగించుకునే 13 అంగుళాల వంపు రంపం ఉంటాయి. బరువు సుమారు 3 కిలోలు.

దోటికి కొడవలి కట్టి కొమ్మలు లాగడం అలవాటైనవాళ్లకు ఇంత డబ్బు ఎందుకు పెట్టాలనిపిస్తుంది. గాటు చూస్తే ఎందుకో తెలుస్తుంది. కొడవలితో లాగిన కొమ్మ సగం తెగి, మిగతా సగం బెరడుతో సహా చీలి ఊడి వస్తుంది. మామిడిలో బంక కారడం, కొమ్మ ఎండిపోతూ వెనక్కి రావడం ఎక్కువగా ఆ చీలిక దగ్గరే మొదలవుతాయి. కత్తెర గాటు నున్నగా ఉంటుంది. వానాకాలం దాటేసరికి గాటు చుట్టూ కొత్త బెరడు ఉంగరంలా కమ్ముకు రావడం కింద నుంచే కనిపిస్తుంది.

పెట్టె మీద 16 అడుగులని ఉన్నా అంత ఎత్తూ పనికి రాదు. గడను నిట్టనిలువుగా పట్టుకుంటే తెగిన కొమ్మ నేరుగా మన నెత్తిన పడుతుంది. అందుకే నేలకు 60 డిగ్రీల వాలు మించకుండా పట్టుకోవాలి. ఆ వాలులో 16 అడుగుల గడ సుమారు 14 అడుగుల ఎత్తే ఇస్తుంది. మన చెయ్యి ఎత్తు 4 అడుగులు కలిపితే 18. అంతకు మించి అందుతుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. నిజానికి హాయిగా పని సాగేది గడను 12 అడుగుల వరకు సాగదీసినప్పుడే. చివరి భాగం కూడా బయటికి లాగితే గడ కొస బాగా ఊగుతుంది, కొక్కేన్ని కొమ్మ మీద ఆనించడానికే నాలుగైదు ప్రయత్నాలు పడతాయి. పావుగంటకే మెడ, భుజాలు పట్టేస్తాయి. ముందు గడ మూసి కింది కొమ్మల పని ముగించుకుని, పై కొమ్మలకే సాగదీసుకుంటే ఒంటి మీద భారం చాలా తగ్గుతుంది. కింది కొమ్మలు పోతే తాడు చిక్కుకోకుండా దారి కూడా ఏర్పడుతుంది.

కత్తెర ఒకటింపావు అంగుళం వరకు కోస్తుందని కంపెనీలు రాస్తాయి. పచ్చి మునగకు అది నిజమే. పచ్చి మామిడికి అంగుళం, పచ్చి వేపకు ముప్పావు అంగుళం దగ్గర ఆగడం మంచిది. ఎండిన వేప కొమ్మకైతే బొటనవేలు మందం కూడా ఎక్కువే. అంతకు మించితే బ్లేడు పక్కకు వంగుతుంది, బ్లేడుకూ కొక్కేనికీ మధ్య సందు పెరుగుతుంది. ఒకసారి ఆ సందు వచ్చాక సన్నటి రెమ్మలు కూడా తెగవు, సందులో నలిగి మడతపడతాయి. సన్న కొమ్మలు ఎందుకు నలుగుతున్నాయని వెతికితే నూటికి తొంభైసార్లు కారణం ఇదే. నట్టు బిగిస్తే కొంత సర్దుకుంటుంది, బ్లేడే వంగితే మార్చాల్సిందే.

కోసే పద్ధతిలో ఎక్కువ మంది చేసే తప్పు తాడును గడకు దూరంగా, పక్కకు లాగడం. అలా లాగితే మన బలం సగం గడను వంచడానికే పోతుంది, పైన కొక్కెం జారిపోతుంది. ముందు కొక్కేన్ని కొమ్మ మీద వేసి, గడ బరువు కాస్త కొమ్మ మీదికి వదలాలి. తర్వాత ఒక చేత్తో గడ పట్టుకుని, రెండో చేత్తో తాడును గడ వెంటే నేరుగా కిందికి లాగాలి. గిలక ఉన్న మోడల్‌లో బలం సగం చాలు, లాగాల్సిన తాడు మాత్రం రెండింతలు. కాబట్టి ఒక్క గుంజుకి తెగలేదని కంగారు పడక్కర్లేదు, చెయ్యి మార్చి మళ్లీ లాగొచ్చు. తాడును మణికట్టుకి మాత్రం ఎప్పుడూ చుట్టుకోవద్దు. పడే కొమ్మ తాడులో చిక్కుకుంటే మనిషిని కూడా ఈడ్చేస్తుంది.

బ్లేడు కొమ్మ మధ్యలో ఇరుక్కుంటే గడను పక్కలకు ఊపి పీకొద్దు. తాడు పూర్తిగా వదిలేసి, గడను రెండంగుళాలు పైకి నెట్టి, కొంచెం తిప్పితే స్ప్రింగ్ దానంతటదే బ్లేడును వెనక్కి లాగుతుంది. అప్పటికీ రాకపోతే కొమ్మ కొస వైపు బరువు తగ్గించాలి. రంపంతో బయటి రెమ్మలు రెండు తీసేస్తే గాటు తెరుచుకుంటుంది.

మొత్తం పనిముట్టులో నాకు బాగా నచ్చిన భాగం రంపమే. దాని పళ్లు కిందికి లాగేటప్పుడే కోస్తాయి, పైకి నెట్టేటప్పుడు కోయవు. పైకి బలంగా నెడితే బ్లేడు వంగుతుంది తప్ప పని జరగదు. పొడవుగా, నిదానంగా లాగుతుంటే గడ బరువే సగం పని చేస్తుంది. మూడంగుళాల వరకు నిశ్చింతగా కోయొచ్చు. నాలుగు అంగుళాలు దాటిన కొమ్మ నేల మీద నిలబడి చేసే పని కాదు, చెట్టెక్కి తాడు కట్టి దించే మనుషులను పిలవాలి. మందపు కొమ్మను ఒకేసారి మొదట్లో కోయకుండా, కొస నుంచి రెండు మూడడుగుల ముక్కలుగా తీసుకుంటూ రావాలి. చివరి ముక్కకు, మొదలు నుంచి ఒక అడుగు వదిలి, కొమ్మ కింది వైపు మూడో వంతు మందం గాటు పెట్టాలి. ఆ గాటుకి రెండంగుళాలు బయటగా పై నుంచి కోయాలి. దీంతో కొమ్మ పడేటప్పుడు మాను బెరడు చీలదు. మిగిలిన మొండెను మాను దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మెడ తెగకుండా, దాని పక్కగా తీసేయాలి. ఆ మెడను కూడా కోసేస్తే గాయం మానదు. అలాగని జానెడు మొండె వదిలేస్తే అది ఎండి పుచ్చుతుంది. కింది వైపు గాటు ఈ రంపంతో కష్టం, పళ్లు కిందికే కోస్తాయి కదా. గడ మూసి, అందే ఎత్తులోనే అది సాధ్యం. పై కొమ్మల్ని ముక్కలు చేసి బరువు తీసేయడమే దారి.

మామిడి కత్తిరింపులు కాయ దింపగానే, జూలై, ఆగస్టుల్లో ముగించాలి. పూత ముదిరిన కొమ్మల కొసలకే వస్తుంది కాబట్టి, దసరా దాటాక కోస్తే కొత్త చిగురు ముదరడానికి సమయం చాలదు, ఆ ఏడు ఆ కొమ్మకు పూత పోయినట్టే. చెట్టు నడిమి గుబురులో నిలువుగా లేచిన రెండు మూడు కొమ్మలు తీసి ఎండ లోపలికి పడనిస్తే చాలు. ఇక్కడ పోల్ ప్రూనర్‌కి సాటి లేదు. మామిడి సొన మొహం మీద పడితే చర్మం కాలినట్టు అవుతుంది. అద్దాలు, టోపీ, పొడుగు చేతుల చొక్కా లేకుండా గడ ఎత్తొద్దు. ఎత్తే ముందు ఎర్ర చీమల గూళ్లు, కందిరీగల తుట్టెలు ఉన్నాయేమో కొమ్మల్లో ఒకసారి వెతకాలి. అంగుళం దాటిన గాట్లకు బోర్డో పేస్ట్ (గాటుకు తెగులు సోకకుండా పూసే మందు) పూయాలి. మైలుతుత్తం ఒక కిలో, సున్నం ఒక కిలో, నీళ్లు పది లీటర్లు. ప్లాస్టిక్ బకెట్లోనే కలపాలి, ఇనుప పాత్ర పనికిరాదు. పైకి పూయడానికి రెండంగుళాల పెయింట్ బ్రష్‌ను గడ కొసకు కొంచెం వాల్చి టేపుతో చుట్టేస్తే సరిపోతుంది.

మునగ చెక్క మెత్తన. తెగేలోపే విరిగి బెరడు చీలుతుంది, కింది వైపు గాటు మరిచిపోకూడదు. టేకులో పక్క కొమ్మలు బొటనవేలు మందం దాటకముందే తీసేస్తే మానులో ముడులు తగ్గుతాయి. కొబ్బరి మట్టలకు మాత్రం ఇది వద్దు. మట్ట మొదలు వెడల్పు, పీచు ఎక్కువ, రంపం పళ్ల మధ్య పీచు చుట్టుకుపోతుంది.

కరెంటు తీగల దగ్గర ఈ గడ ఎత్తొద్దు. అల్యూమినియం గడ కరెంటును నేరుగా చేతికి తెస్తుంది. ఫైబర్‌గ్లాస్ శుభ్రంగా, పొడిగా ఉన్నంతవరకే కొంత మేలు. దుమ్ము, తేమ, తడిసిన తాడు కలిస్తే ఆ మేలూ ఉండదు. పచ్చి వెదురు గడ కూడా అంతే. గడ కొసే కాదు, పడే కొమ్మ కూడా తీగకు పది అడుగుల దూరంలో ఉండాలి. తీగకు ఆనిన కొమ్మలుంటే 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపి పని చేసేందుకు అనుమతి) తీసుకుని సరఫరా ఆపాకే కోయించాలి.

పాడైన వరుస ఇదీ. మొదటి ఏడే తాడు పోయింది. పెట్టెలో వచ్చిన నైలాన్ తాడు సాగుతుంది, గిలక దగ్గర ఒరుసుకుంటుంది. 5 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు వేశాక మళ్లీ మార్చాల్సిన అవసరం రాలేదు. రెండో వానాకాలం తర్వాత స్ప్రింగ్ తుప్పు పట్టి తెగింది. అదే పొడవున్న స్ప్రింగ్ హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది, పాతది చేత పట్టుకుని వెళ్లాలి. గడ లాకుల్లో ఇసుక చేరితే బిగింపు జారుతుంది, సాగదీసే ముందూ మూసే ముందూ తడి గుడ్డతో తుడవాలి. ఎండలో వదిలేసిన ఫైబర్‌గ్లాస్ పైపొర అరిగి, కంటికి కనిపించని పీచు అరచేతుల్లో గుచ్చుకుంటుంది. నీడలో పడుకోబెట్టి ఉంచాలి, ఏడాదికోసారి వార్నిష్ పూత వేయాలి.

బ్లేడుకు అంటిన బంకను కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక ఒక చుక్క నూనె వేయాలి. జబ్బు కొమ్మ కోసినప్పుడు ఇంకో చెట్టు ముట్టే ముందు స్పిరిట్‌తో తుడవాలి. కత్తెర బ్లేడును వాలు ఉన్న వైపే సన్న ఆకురాయితో పట్టాలి. చదునుగా ఉన్న వైపు రుద్దితే సందు వస్తుంది. రంపం పళ్లు గట్టిపరిచినవి, ఆకురాయి దిగదు. మొద్దుబారితే కొత్త బ్లేడే.

కొనేటప్పుడు ఎంత పొడవుందో కంటే ముందు విడి బ్లేడు, విడి రంపం దొరుకుతాయా అని అడగండి. దుకాణంలోనే గడ పూర్తిగా సాగదీసి, లాకులు వేసి, కొసను నేలకు ఆనించి గట్టిగా తిప్పి చూడండి. తిరిగితే ఆ లాకు చెట్టు మీద కూడా తిరుగుతుంది. పెరట్లో రెండు జామ, ఒక నిమ్మ మాత్రమే ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు, చేతి సికేచర్ (కొమ్మలు కోసే చిన్న కత్తెర), చిన్న మడత రంపం చాలు. 15 అడుగులు దాటిన మామిళ్లు నాలుగైదు ఉంటే, నిచ్చెన ఎక్కకుండా పని జరిగేది దీనితోనే.