అయ్యగారి జ్ఞాపకాల పుస్తకం వేసిన ప్రెస్: నాలుగు స్టార్లు

డోర్నకల్ డయాసిస్‌లో, అంటే అక్కడి బిషప్ కింద ఉండే చర్చిల్లో, మాదో చిన్న సంఘం. మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, చనిపోయాక పెట్టుకున్న ఆదరణ కూడికకు పదహారు పేజీల పుస్తకం వేయించాలనుకుని ఖమ్మంలో ఓ చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్‌కి ఇచ్చాం.

మేం వాట్సాప్‌లో పంపిన మేటరంతా యూనికోడ్. వాళ్లు పేజీలు కట్టేది 'అను' ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంట్లలో. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, చాలా ప్రెస్సులు అలాగే అచ్చేస్తాయి కూడా. ఇక్కడ డీటీపీ అమ్మాయి ప్రతి లైనూ చదివి సరిచేసింది. అంతటితో ఆగకుండా, "అన్నా, ఇళ్ల పట్టాల కోసం అయ్యగారు తహసీల్దార్ ఆఫీసు ముందు కూర్చున్నారని రాశారు కదా, ఫొటో లేదా?" అని అడిగింది. పాస్టరమ్మగారి ట్రంకుపెట్టెలో దొరికింది. అందులో ఆయన చేతిలో మైకు లేదు. నేల మీద కూర్చుని ఓ ముసలమ్మకి అర్జీ రాసిపెడుతున్నారు. దాన్ని సరిగ్గా నడిమి రెండు పేజీల్లో పరిచారు. పిన్ను కొట్టే పుస్తకంలో ఆ రెండూ ఒకే షీటు కాబట్టి బొమ్మ తెగలేదు.

స్టార్ తగ్గించింది వెనక అట్టకి. దాని మీద డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ వేయమన్నాం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్యగారు కట్టించిన గుడి అది. గుమ్మటాలు, రాతి స్తంభాలు కలిసిన ఆ అందమంతా నల్లగా ముద్దయిపోయింది. అట్ట ప్రూఫ్ కాగితం మీద చూపించమనండి, ఫోన్‌లో చూసి ఓకే అనకండి. రేటు మాత్రం న్యాయమే.