వట్టివేరు చాటున టోంకా: హనుమకొండలో ఒక అత్తరు

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక చిన్న దుకాణంలో అమ్ముతున్న వట్టివేరు, టోంకా కలిపిన అత్తరును ఈ వేసవిలో వాడి చూశాను. గులాబీ, మల్లె, ఊద్ పరిమళాలకు అలవాటుపడిన మన ఊరికి టోంకా కొత్తదే.

టోంకా చెట్టు దక్షిణ అమెరికా ఉత్తర భాగంలోని వర్షారణ్యాలలో, ముఖ్యంగా వెనిజులా, గయానా, బ్రెజిల్ దేశాలలో పెరుగుతుంది. మన కానుగ, చింత ఉన్న కుటుంబానికే చెందినది. నల్లగా ముడతలు పడిన దాని గింజలను మద్యంలో నానబెట్టి ఆరబెడితే పైన తెల్లని స్ఫటికాలు పేరుకుంటాయి. ఆ స్ఫటికాలే కూమరిన్ అనే పదార్థం; గింజ పరిమళం ముఖ్యంగా దాని నుంచే వస్తుంది. దానిని 1868లో రసాయన శాస్త్రవేత్త విలియం పెర్కిన్ ప్రయోగశాలలో తయారుచేయగా, 1882లో ఊబిగాన్ అనే ఫ్రెంచి పరిమళాల సంస్థ తన ఫూజేర్ రొయాల్ అనే పరిమళంలో వాడింది. మగవారి పరిమళాలలో ఒక పెద్ద శాఖ అక్కడి నుంచే పెరిగింది.

ఈ అత్తరు రాసుకోగానే ముక్కుకు తగిలేది వట్టివేరు ఒక్కటే. కూమరిన్ త్వరగా ఆవిరయ్యేది కాదు కనుక, వేరు వాసనలోని పచ్చిదనం తగ్గిన తరువాతే, కళ్లంలో ఆరిన వరిగడ్డిని తలపించే పొడి తీపి, దాని వెనుక కాస్త బాదం చేదు నెమ్మదిగా బయటపడతాయి. మోతాదు పెంచి ఉంటే వరంగల్ ఎండలో ఆ తీపి వెగటు పుట్టించేది; ఇక్కడ అది వేరు వాసనలోని మట్టితనాన్ని మెత్తబరచి, సాయంత్రం దాకా నిలబెట్టి, తాను మాత్రం వెనుకనే ఉండిపోయింది. కలిపినవారి చేతికి లెక్క తెలుసు.

దుకాణదారు చెప్పిన మాటతోనే నాకు పేచీ. తులం ఆరు వందలకు ఇస్తూ ఇది అమెజాన్ అడవి గింజల నుంచి తీసిన అసలు సారమని ఆయన అంటారు కానీ, ఆ ధరకు దొరికేది కృత్రిమ కూమరిన్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. అది తక్కువ సరుకేమీ కాదు, పైన చెప్పిన ఫూజేర్ రొయాల్‌లో వాడినదీ కృత్రిమమే. ఆ మాట దాచడమెందుకో అర్థం కాదు. కూమరిన్ కొందరి చర్మానికి పడదు కాబట్టి ఐరోపాలో నిర్ణీత మోతాదు దాటితే సీసాపై దాని పేరు ముద్రించాలి. ఈ సీసాపై ధర తప్ప మరేమీ లేదు. సున్నితమైన చర్మం గలవారు మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి, మరునాటి వరకు ఆగి చూసి, ఆ తరువాతే తులం సీసా కొనాలి.